చెయ్యెత్తిన పిల్ల

“వాడు మనోడే కదా మే, వాన్ని ఎందుకు కాలుస్తాడు?” అంటూ గంగాదేవి పక్క కుర్చీలోని ఈశ్వరి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తెర మీద గూఢచారి హీరో పిస్తోలు పేల్చేశాడు. రైల్వే స్టేషన్‌లో ఎడమ భుజాన సంచీ వేసుకుని వచ్చేవాడే మనవాడని వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న గుర్తు. వచ్చినవాడు కుడి భుజాన వేసుకున్నాడు. ఎడమ భుజానికి అప్పటికే గుండు తగిలి ఉందన్న సంగతి, వాడు కూలిపోయాక గానీ హీరోకు తెలియలేదు. స్నేహితుణ్ణి ఒళ్ళో పెట్టుకుని వానలో తడుస్తూ ఏడుస్తున్నాడు. కళ్యాణదుర్గంలో అంత వాన సినిమా హాల్లోనే చూడాలి.

“గుర్తు ఎందుకు తప్పినావప్పా అని ఒక్క మాట అడిగింటే పోయేది,” అంది గంగాదేవి.

పొద్దున బడిలో లేచిన ఒక చెయ్యి ఈశ్వరికి గుర్తొచ్చింది.

ఇద్దరూ బి.ఎడ్. చదువుతూ, ఊళ్ళోని బడిలో పాఠాలు చెప్పడం నేర్చుకుంటున్నారు. పొద్దున ఈశ్వరి ఫైనల్ లెసన్ అయిపోయింది. ఆ బరువు దిగిందనే ఈ సినిమా. కాలేజీ సారు వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేసే రోజుకు సీనియర్లు చెప్పిపోయిన కిటుకు ఒకటుంది. ఏ ప్రశ్న అడిగినా పిల్లలందరూ చెయ్యెత్తాలి. జవాబు తెలిస్తే కుడి చెయ్యి, తెలియకపోతే ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్నే లేపి అడుగుతుంది. సారు కంటికి మాత్రం క్లాసంతా సరస్వతీ పుత్రులే.

“మన అనంతపురానికి వాన ఎందుకు తక్కువ?” అని ఈశ్వరి అడిగినప్పుడు, ఎప్పుడూ ఎడమ చెయ్యి ఎత్తే చంద్రిక కుడి చెయ్యి ఎత్తింది. ఎత్తడమే కాదు, సగం లేచి నిలబడింది. గుర్తు మరిచిపోయి తన కొంప ముంచేలా ఉందని ఈశ్వరి భయపడింది. కళ్ళతోనే గదిమి కూర్చోబెట్టి, ఇంకో పిల్లను లేపింది. సారు మెచ్చుకుని వెళ్ళాక చంద్రికను దగ్గరికి పిలిచింది.

“కుడి ఏదో ఎడమ ఏదో తెలీదా నీకి? నా మార్కులు పోయింటే?”

“అది కాదు మేడం, నాకు...”

“నీది ఎడమ చెయ్యి. మళ్ళీ మరిచిపోవద్దు.”

“సరే మేడం,” అని చంద్రిక తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఇంటర్వెల్‌లో గంగాదేవి ఈశ్వరిని బయటికి లాక్కొచ్చింది. గేటు దగ్గర ఉడకేసిన శెనక్కాయలు అమ్ముతున్న ఆమె ఈశ్వరిని చూడగానే గంప వదిలేసి లేచింది. చంద్రిక తల్లి రామాంజినమ్మ.

“ఏం మేడం, మా పాప పొద్దున బాగా చెప్పిందా? అడిగితే ఉలకదు పలకదు. కొండలు అడ్డమంట, మబ్బులు ఈ పక్కకు దాటలేవంట. నాల్గు దినాలుగా గొర్లకు గుడకా అదే పాఠం చెప్తాండాది.”

పాఠం బాగా చెప్పావని సారు ఈశ్వరిని మెచ్చుకున్నాడు. ఆ పాఠాన్ని ప్రాణం పెట్టి నేర్చుకున్న పిల్లను తను కూర్చోబెట్టింది.

“వాళ్ళ నాయన గొర్లు తోలుకొని మేపేదానికి కాలువ పక్కకు పోతాండాడు,” అంది రామాంజినమ్మ. “బడి మాన్పించి పాపను తోడు పిల్చుకపోతానంటాడు. దానికి చదువొస్తాదని నేను, రాదని ఆయప్ప. రేపు చూసేదానికి బడి కాడికే వస్తాడంట. ఆయప్ప ఎదురుగా దాన్ని ఒక్క మాట అడుగు మేడం. చెప్పిందంటే ఈడే నిలుపుతాడు.”

“అడుగుతా మా. అదే ప్రశ్న అడుగుతా,” అంది ఈశ్వరి.

సినిమా రెండో సగంలో ఎవరు ఎవర్ని కాల్చారో ఆమెకు తెలియదు. పొద్దున్నే చంద్రికను పక్కకు పిలిచి, తప్పు నాదే తల్లీ అని చెప్పుకోవాలనుకుంది. చెప్పుకుంటే గానీ మనసు కుదుటపడేలా లేదు.

కానీ మర్నాడు గంట కొట్టి, పిల్లలందరూ కూర్చున్నాక గానీ చంద్రిక రాలేదు. వెంట తండ్రి సుంకన్న. భుజాన కంబళి, చేతిలో కట్టెతో గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

“లోపలికి రాన్నా,” అంది ఈశ్వరి.

“ఈడే చూస్తాలే మేడం. ఎండెక్కితే గొర్లు నిలవవు. బిరీన అడుగు.”

చంద్రిక తన బెంచీలో కూర్చుంది. ఈశ్వరి క్లాసంతటినీ చూస్తూ నిన్నటి ప్రశ్నే అడిగింది. “మన అనంతపురానికి వాన ఎందుకు తక్కువ?”

అలవాటు ప్రకారం చేతులన్నీ లేచాయి. సుంకన్న మెడ చాచి వెతికాడు. కూతురు కనిపించగానే ఎండిన ముఖం వికసించింది.

“మా పాప గుడకా ఎత్తింది మేడం,” అన్నాడు.

ఈశ్వరి ప్రాణం లేచొచ్చింది. “చంద్రికా, నువ్వు చెప్పు.”

చంద్రిక లేచింది. తండ్రిని చూసింది, టీచరును చూసింది. నిన్న పడిన తిట్లు మళ్ళీ పడతాయేమోనన్న భయంతో, ఎత్తిన చెయ్యి దించకుండానే మెల్లగా అంది.

“నాది ఎడమ చెయ్యి కదా మేడం.”