చల్లమిరపకాయల కాపలా

పాత కంప్యూటర్లను పారేయబోతే అవి వీధంతా వినపడేలా ఏడ్చే రోజులవి. అందుకే వాటితో గది నిండిపోయాక భీమశంకరం ఒకదాన్ని కుక్కర్ కూతలు లెక్కపెట్టడానికి, ఇంకోదాన్ని పాలు పొంగకుండా చూడడానికి పెట్టాడు. మిగిలిన ముసలిదాన్ని మేడమీద ఎండబెట్టిన చల్లమిరపకాయలకు కాపలా ఉంచాడు.

"ఇదీ పనికిరాకపోతే, ఏడ్చినా సరే, తుక్కులోకేనండీ," అంది భార్య వర్ధని.

ఆ ముసలి కంప్యూటర్‌కి చెముడు. రోజూ భీమశంకరం "గుత్తివంకాయ" అని గొంతు చించుకుని పాస్‌వర్డ్ చెబితేగాని కాయల దగ్గరికి రానిచ్చేది కాదు.

వారం తిరక్కుండానే వర్ధని మేడెక్కి చూస్తే, చిలకల గుంపు కాయల్ని కొరుక్కు తింటోంది.

"ఇదేనా నువ్వు కాసే కాపలా?" అని వాటిని తోలబోయింది.

"వాళ్ళంతా వరసగా పాస్‌వర్డ్ చెప్పే వచ్చారమ్మా," అంది కంప్యూటర్ తాపీగా. "మీరే ఇంకా చెప్పలేదు. కాస్త వెనక్కి జరగండి."