పంతొమ్మిదో గది

"ఇది కదిలితే పెళ్లి మాటలు మాట్లాడుకుందాం. కదలకపోతే కాఫీ తాగి వెళుదువుగాని" అన్నాడు అమ్మాయి తండ్రి, జానెడు పొడవైనా లేని రైలింజన్ని పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా పట్టాల మీద నిలబెడుతూ.

అమ్మాయినిమ్మని అడగడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన లిఫ్టుల ఇంజనీరు అప్పటికే మోకాళ్ల మీద ఉన్నాడు. భోజనాల బల్ల ఉండవలసిన గదిలో గోడ నుంచి గోడదాకా వేసిన చెక్కబల్ల మీద ఒక లోకం పరుచుకుని ఉంది: కొండలు, సొరంగం, వంతెన, పెట్టెలు పట్టుకుని, రాని బండికోసం నిలబడిన వేలెడేసి ప్రయాణికులు.

"జబ్బేమిటి, మావయ్యగారూ?"

"ఇంకా మావయ్యను కాలేదు. జబ్బేమిటో తెలిస్తే నీదాకా ఎందుకొస్తాను? లైటు వెయ్యమంటే వేస్తుంది, కూత పెట్టమంటే పెడుతుంది. నడవమంటే మాత్రం దున్నపోతు మీద వాన కురిసినట్టే."

"చక్రాలు?"

"అద్దంలా తుడిచాను."

"మోటారు?"

"నేరుగా కరెంటిస్తే గిర్రున తిరుగుతోంది. డీకోడరే పోయిందంటావా?"

డీకోడరంటే ఇంజన్ కడుపులో ఉండే గోరంత పలక. పట్టాల వెంట వచ్చే ఆజ్ఞలను విని, ఏది దీపానికి చెప్పాలో, ఏది మోటారుకు చెప్పాలో అదే నిర్ణయిస్తుంది. యజమాని ఇష్టాయిష్టాలన్నీ నంబర్లు వేసిన గదులలో అంకెలుగా దాచుకుంటుంది.

"పోనీ, అన్నీ చెరిపేసి మొదటికి తెద్దామా?"

"దానికంటే నా పీక నొక్కు, సులువు. ఆ నడక కుదర్చడానికి నాకు ఏళ్లు పట్టింది, బాబూ!"

అప్పుడే అమ్మాయి మంచినీళ్ల గ్లాసుతో లోపలికి వచ్చింది.

"అక్కడ పెట్టకే! వంతెన!" అని తండ్రి కేకేశాడు.

ఆమె గ్లాసును ఇంజనీరు చేతికే ఇచ్చి, గొంతు తగ్గించింది. "చేతకాకపోతే కాదని చెప్పేయండి. తప్పేం లేదు. నేనసలేమీ అనుకోను."

ఎంత మెత్తని మనసు! ఇంజనీరు గుండె నీరయింది. ఆ వెంటనే పౌరుషం పొడుచుకొచ్చింది. ఈ పిల్ల ముందు చేతకానివాడిగా లేచి వెళ్లడమా? నీళ్లు తాగడం మరచి, గ్లాసు నేలమీద పెట్టి, ఆలోచనలో పడ్డాడు. దీపం వెలుగుతున్నదంటే కరెంటు అందుతున్నట్టే. కూత వేస్తున్నదంటే దాని నంబరుతో పిలిస్తే పలుకుతున్నట్టే. అన్ని మాటలూ వింటూ, నడక మాట ఒక్కటే వినడం లేదంటే అది చెవుడు కాదు; ఇంకెవరి మాటకో కట్టుబడి ఉండడం.

"ఎప్పుడైనా దీన్ని ఇంకో ఇంజన్‌తో జోడీ కట్టారా?"

"మొన్నామధ్య కట్టాను, పొడుగాటి గూడ్సు లాగించడానికి. తర్వాత విడదీశాగా."

"విడదీసిన సంగతి డీకోడర్‌కి చెప్పారా? జోడీలో ఉన్నంతకాలం ఇది దీపానికీ కూతకీ తన నంబరు వింటుంది. నడవడానికి మాత్రం జోడీ నంబరుతో పిలవాల్సిందే. ఆ నంబరు పంతొమ్మిదో గదిలో ఉంటుంది. దాన్ని సున్నా చెయ్యకపోతే..."

"నాకు చెబుతున్నావా? ఈ చేతులతోనే సున్నా పెట్టాను!"

"ఒక్కసారి చూద్దామండీ."

ఇంజన్ని పరీక్షల కోసం విడిగా ఉంచిన పట్టా ముక్క మీదికి మార్చి, బండ్లు నడిపే కంట్రోలు పెట్టె నొక్కి పంతొమ్మిదో గదిలో ఏముందో అడిగాడు. పెట్టె తెరమీద అంకె మెరిసింది. అది సున్నా కాదు.

పెద్దాయన మొహం వాడిపోయింది. "వయసు మీద పడుతోంది కాబోలు" అని గొణిగాడు.

ఇంజనీరు ఆ గదిలో సున్నా పెట్టి, ఇంజన్ని మళ్లీ పెద్ద పట్టాల మీదికి చేర్చి, మీట మెల్లగా తిప్పాడు. ఇంజన్ ఒక్కసారి ఉలిక్కిపడి, ఆ వెంటనే నెయ్యి రాసినట్టు జారుకుంటూ సొరంగంలో దూరింది.

"అల్లుడూ!" అంటూ పెద్దాయన అతన్ని వాటేసుకున్నాడు.

"మావయ్యగారూ, ఆ మలుపులో కాస్త తూలుతోంది. చూశారా?"

"నీకూ కనిపించిందా! ఇంట్లో ఒక్కరికీ కనిపించదయ్యా!"

ఇద్దరూ బల్ల కిందికి దూరారు. వడ్డించానని అమ్మాయి తల్లి పిలిచింది. మళ్లీ పిలిచింది. బల్ల కింద నుంచి "ఇదుగో, ఒక్క నిమిషం" అని రెండు గొంతులు ఒకేసారి వినిపించాయి. గుమ్మంలో నిలబడిన తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాన్నా, ఈ సంబంధం నాకొద్దు" అంది అమ్మాయి.

తండ్రి గాభరాగా లేవబోయి బల్లకు తల కొట్టుకున్నాడు. "అదేమిటే! నేను పెట్టిన పరీక్ష నెగ్గాడు కదా!"

"మీ పరీక్ష నెగ్గాడు, నా పరీక్ష తప్పాడు. ఆ గదిలో మీరు పెట్టిన సున్నా తీసేసి మళ్లీ అంకె వేసింది నేనే. ఇంజన్ బాగుచెయ్యడం చేతకాని మొగుడు దొరుకుతాడేమోనని."