చెవుల మేడం

"ముందు మీ చెవుల మీదున్నది తీసి పక్కన పెట్టండి మేడం," అన్నాడు నెట్ మెకానిక్.

ఆవిడకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పొద్దున లేచింది మొదలు ఆవిడ ఊళ్లోవాళ్లందరితో అనే మాట అది. ఆన్‌లైన్‌లో ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లని ఇంట్లో కూర్చుని కెమెరాలోంచి కాపలా కాయడం ఆవిడ పని. పరీక్ష మొదలయ్యే ముందు ఎంతటివాళ్లయినా జుట్టు వెనక్కి తీసి రెండు చెవులూ చూపించాల్సిందే. అందుకే ఆఫీసులో ఆవిడకి చెవుల మేడం అని పేరు పడిపోయింది.

"నా హెడ్‌ఫోన్స్‌కీ వైఫైకీ ఏం సంబంధమండీ?"

"ఉంది మేడం. ఈ వైర్‌లెస్ హెడ్‌ఫోన్సూ మీ పాత రౌటరూ ఒకే దారిలో నడుస్తాయి. ఇరుకు సందులో రెండు బళ్లు ఎదురుపడితే ఏమవుతుంది? రెండూ నత్తనడకే."

ఆవిడ తీసి ఆఫ్ చేసింది. మెకానిక్ తన ఫోన్లో స్పీడు చూసి పెదవి విరిచాడు.

"చూశారా, ఊరికే నా చెవుల మీద పడ్డారు," అని నవ్వింది గానీ, లోపల గుబులుగానే ఉంది. పొద్దుటి బ్యాచ్ నడుస్తుండగా కెమెరా బొమ్మలన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. మళ్లీ లైను తెగితే ఇక పని ఇవ్వనని సూపర్‌వైజర్ మెసేజ్ పెట్టాడు. తర్వాతి బ్యాచ్ కూర్చునేలోగా ఇది బాగుపడకపోతే ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

"లోపల ఇంకెవరైనా నెట్ వాడుతున్నారా?"

"మా అమ్మాయి కాలేజీ ఎంట్రన్స్ రాస్తోంది. అది వేరే సంస్థ పరీక్ష లెండి. చెవులు కూడా చూడలేదట, ఏం సంస్థో! దానికి వైఫై గొడవ లేదు. మా ఆయన నిన్నంతా కూర్చుని దాని కంప్యూటర్‌కి ఈ రౌటర్‌తో పనిలేకుండా వేరే కనెక్షన్ వైరు లాగి, ఏవేవో సర్ది పెట్టారు."

తలుపు సందులోంచి కూతురి వీపు కనిపిస్తోంది. తలంటుకుని జుట్టు విరబోసుకుని, బుద్ధిగా తెరకేసి చూస్తోంది. ఆ పిల్లని చూస్తే ఆవిడకి కడుపు నిండినట్టుగా ఉంది.

"సారు గట్టివారే. రౌటర్ పాస్‌వర్డ్ ఆయనకి తెలుసా?"

"ఆయనకే తెలుసు. లెక్కల మాస్టారు. కూతురు పరీక్ష రాస్తుంటే ఇంట్లో కాలు నిలవట్లేదని, ల్యాప్‌టాప్ తీసుకుని వీధి చివర ట్యూషన్ గదికి వెళ్లి కూర్చున్నారు."

ఫోన్ చేసింది. ఎంగేజ్. కాసేపాగి మళ్లీ చేసింది. ఎంగేజే.

"సెలవు పూటా ఎవరికో పాఠం చెబుతూనే ఉంటారు. ఈయనా, ఈయన లెక్కలూ," అని విసుక్కుంది.

మెకానిక్ రౌటర్ ఆపి మళ్లీ వేశాడు. ఆ దీపాలు ఒక్కొక్కటే వెలిగేదాకా ఊరికే ఉండలేక ఆవిడే మాట కలిపింది.

"పొద్దున ఒకమ్మాయి దొరికిపోయింది. చెవిలో చిక్కుడు గింజంత ఇయర్‌బడ్. ఈ ఒక్కసారికీ వదిలేయండి మేడం అని ఒకటే ఏడుపు. నేను వదల్లేదు."

"పాపం."

"పాపమేంటండీ? కళ్లు కాయలు కాసేలా చదివినవాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోవడం కాదూ అది? అసలు ఆ పిల్లని కాదు, ఆ పిల్ల చెవిలో జవాబులు ఊదుతున్న పెద్దమనిషిని పట్టుకుని నాలుగు దులపాలి. కన్నబిడ్డ అయితే ఇలాగే చేస్తాడా?"

మెకానిక్ వింటున్నట్టు తలూపాడు గానీ, కళ్లు తన ఫోన్ మీదే ఉన్నాయి. ఏదో నొక్కి, భృకుటి ముడివేశాడు.

"మేడం, ఇంట్లో ఇంకో హెడ్‌ఫోన్ నడుస్తోంది."

"నాది ఆపేశాను కదా?"

"మీది కాదు. ఇంకోటి. ఇప్పుడే, ఇక్కడే."

ఇంట్లో ఉన్నది తనూ, పరీక్ష రాస్తున్న కూతురూ. మూడో మనిషి లేడు. ఆవిడ వంటగదిలోకీ బాల్కనీలోకీ బెదురుగా చూసింది. మెకానిక్ మాత్రం ఫోన్ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరిగి, చివరికి రౌటర్ ఉన్న అలమర దగ్గరే ఆగాడు. అక్కడ ఒక ఫోన్ బోర్లా పడుకుని ఉంది.

"ఇదిగో, దొంగ ఇక్కడే ఉన్నాడు."

ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "హడలగొట్టారు కదండీ. అది మా అమ్మాయి ఫోన్. పరీక్ష గదిలో ఫోన్ ఉండకూడదు కదా! మా ఆయనే తీసుకొచ్చి, నా కళ్లముందే అక్కడ పెట్టి, దీనికి నువ్వే కాపలా అని చెప్పి మరీ వెళ్లారు. ఆ విషయంలో ఆయన నిప్పు."

"పెట్టారు గానీ ఆఫ్ చేయడం మర్చిపోయారు. సరిగ్గా రౌటర్‌ని ఆనించి పెడితే స్పీడెలా వస్తుంది? ఉండండి, హెడ్‌ఫోన్ తీసేసి స్పీకర్‌లోకి మారుస్తాను."

ఫోన్ తిరగేసి తెర మీద ఏదో నొక్కాడు. తన ఫోన్లో స్పీడు చూసుకుని మొహం విప్పార్చాడు.

"వచ్చేసింది మేడం. గుర్రంలా పరిగెడుతోంది."

హమ్మయ్య, ఉద్యోగం నిలబడింది అనుకుంటూ ఆవిడ తన కుర్చీ వైపు తిరిగింది. లోపలి గదిలో కూతురి కుర్చీ కిర్రుమంది. అలమరలోని ఫోన్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు పెళ్లయినప్పటి నుంచీ ఆవిడ రోజూ వింటున్నదే. ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"తర్వాతి లెక్కకి మూడోది పెట్టు తల్లీ."