చిగుళ్ళ సాక్ష్యం

మార్చురీ గుమ్మం దగ్గరే ఫిలిప్‌ని ఆపేసింది మార్త.

"మీరిక్కడ కూర్చోండి. లోపలికి నేను వెళ్ళొస్తాను."

ఫిలిప్ బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురు చెప్పే ఓపిక లేదు. గురువారం అతనికి గుండె ఆపరేషను. ఈలోగా మనసుకి ఏ దెబ్బా తగలకూడదని డాక్టర్లు మార్తకి మరీ మరీ చెప్పారు. ఫిలిప్ మాత్రం పొద్దున బస్సులోనే తేల్చేశాడు.

"అది మనవాడైతే నేను ఆపరేషను బల్ల ఎక్కను మార్తా. నన్నూ వాడితోనే పోనీ."

అన్నాడంటే అన్నట్టే. పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళలో అతను మాట వెనక్కి తీసుకోవడం మార్త చూడలేదు. పదకొండు రోజుల కిందట కొడుకుతోనూ అంతే. చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేశాడని, నా గుమ్మం తొక్కొద్దన్నాడు. ఇరవై నాలుగేళ్ళ బెన్నీ తినే అన్నం వదిలేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఫోను ఆగిపోయింది. ఇద్దరూ ఇద్దరే, మొండి ఘటాలు. మధ్యలో నలిగింది మార్త.

నిన్న బందరు కాలవలో లాకుల దగ్గర శవం తేలింది. చాలా రోజులు నానిపోయింది. మొహం చూసి పోల్చుకునే వీల్లేదు. ఒంటి మీద నిక్కరు తప్ప ఏమీ లేదు. ఎత్తు మాత్రం బెన్నీ ఎత్తే. ఇక ఆనవాలు చెప్పాల్సింది పళ్ళే. అందుకే పళ్ళ డాక్టరు సింధూరిని పిలిపించారు.

కానిస్టేబుల్ బాలశౌరి మార్తని బల్లకి దూరంగా కుర్చీలో కూర్చోబెట్టాడు. సింధూరి టార్చి వెలుగులో నోరంతా చూసి, ఆమె వైపు తిరిగింది.

"మీ అబ్బాయిని ఎప్పుడైనా పళ్ళ డాక్టరుకి చూపించారా అమ్మా? ఎక్స్‌రే ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది."

"లేదండీ. ఆ అవసరం రాలేదు. వాడివి మంచి గట్టి పళ్ళు."

సింధూరి మళ్ళీ టార్చి వేసి చూసింది. పళ్ళ అరుగుదలని బట్టి వయసు తేల్చలేకపోతున్నానంది. కానీ ఎడమవైపు చిగుళ్ళు బాగా జారిపోయి, పంటి వేర్లు బయటపడ్డాయి. అంతలా జారడం నలభై దాటినవాళ్ళలోనే ఎక్కువ. చిన్నవయసులో అయితే గుట్కా నమిలేవాళ్ళకో, పళ్ళకి గార పట్టినా పట్టించుకోనివాళ్ళకో జారాలి. ఈ నోట్లో గార లేదు, పొగాకు మరకలూ లేవు. ఇక మిగిలింది, పళ్ళు మరీ గట్టిగా రుద్ది తోముకునే అలవాటు. కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమవైపే ముందు దెబ్బతింటుంది.

"మీవాడు అలా గట్టిగా తోముతాడా?"

"వాడికంత ఓపికెక్కడిదండీ," అంది మార్త. "బ్రష్షు నోట్లో పెట్టినట్టే పెట్టి ఉమ్మేసేవాడు. రోజూ నా చేత తిట్లు తినేవాడు."

సింధూరి మొహం తేటపడింది. అయితే ఇతను నలభై పైబడినవాడే అయ్యుంటాడంది. బాలశౌరి ఆ మాట కాగితం మీద రాసుకుని, ఇంక మీ రక్తం తీసి డీఎన్ఏ పరీక్ష దాకా పోనక్కర్లేదన్నాడు. మార్త మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"అలా జారిన చిగుళ్ళు మళ్ళీ బాగవ్వవా అండీ?"

శవం ఉన్న గదిలో కూర్చుని అడగాల్సిన ప్రశ్న కాదది. గండం గడిచిన మనిషి, ఏదో ఒకటి మాట్లాడుతోందనుకుంది సింధూరి. ఓపిగ్గానే చెప్పింది. మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా తోముకుంటే ఇంకా జారకుండా ఆగుతాయి. జారినవి మాత్రం వాటంతటవే పెరగవు. అంగిట్లోంచి పల్చటి పొర తీసి, అక్కడ పెట్టి కుట్టాలి.

"నొప్పి ఉంటుందా?"

"మత్తిస్తాం కదమ్మా, తెలీదు. నెల తిరిగేసరికి హాయిగా నవ్వొచ్చు."

మార్త తలూపింది. ఎవరూ రాకపోతే ఇతన్ని ఏం చేస్తారని బాలశౌరిని అడిగింది. మూడు రోజులు చూసి మునిసిపాలిటీ వాళ్ళకి అప్పగిస్తామన్నాడు.

"కాల్చకుండా పూడ్పించండి బాబూ. రేపెప్పుడైనా అయినవాళ్ళొస్తే, చూపించడానికి చోటంటూ ఉండాలిగా."

పూడుస్తామనే చెప్పాడు బాలశౌరి. ఎక్కడ పూడుస్తారో రెండుసార్లు చెప్పించుకుంది. ఈ రోజుల్లో ఊరూపేరూ తెలియనివాడి కోసం ఇంతగా అడిగేదెవరు? అతనికి ఆమె మీద గౌరవం కలిగింది.

బయట ఫిలిప్ బెంచీ మీంచి లేవబోయి, లేవలేక, ఆమె మొహంలోకి చూశాడు.

"మనవాడు కాదండీ. ఎవరో నలభై దాటినాయన."

ఫిలిప్ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. స్తోత్రం, స్తోత్రం అని గొణుక్కున్నాడు. బస్టాండులో ఆకలేస్తోందన్నాడు. పదకొండు రోజుల్లో అతను ఆ మాట అనడం అదే మొదలు. రెండు ఇడ్లీ తిని, గురువారం ఆపరేషనుకి సరేనన్నాడు. బెన్నీ తిరిగొస్తే ఈసారి పల్లెత్తు మాట అననన్నాడు.

బస్సు కంకిపాడు దాటింది. మార్త కిటికీ పక్కన కూర్చుంది. ఫిలిప్ ఆమె భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

"పాపం, వాళ్ళమ్మకి కబురు అందిందో లేదో," అన్నాడు.

అతను నిద్రలోకి జారాక, బస్సు కాలవ వంతెన ఎక్కగానే, మార్త సంచీ అడుగునున్న పటమట పళ్ళ డాక్టరు చీటీ తీసి, "బెన్నీ, 24 ఏళ్ళు, ఎడమవైపు చిగుళ్ళకి కుట్లు వెయ్యాలి, మంగళవారం" అన్నది ఇంకొక్కసారి చదువుకుని, ముక్కలు చేసి నీళ్ళలోకి వదిలేసింది.