పొడి మహిమ

“నువ్వు పల్లకి మోస్తావా బావా? ముందు ఆ కుర్చీలోంచి లే, చూద్దాం” అన్నాడు కలిష్టో.

ఎలియోడోరో చేతులు ఆనించకుండా లేవబోయాడు. సగం లేచి కూలబడ్డాడు.

“అదీ సంగతి. ఈసారి నిన్నే నలుగురు మోయాలి.”

“నోరు మూసుకోరా” అంది ఎర్లిందా తమ్ముణ్ణి. అతను మూసుకోలేదు. ఆ ఇంట్లో ఎవరూ మూసుకోరు.

ఎలియోడోరో వడ్రంగి. గుండె నీరసించి ఏడాది దాటింది. మాత్రలకి ఒంట్లో చేరిన నీరు దిగింది. దిగాక చూస్తే కింద కండ లేదు. పోయినేడు ఈస్టర్ ముందరి పవిత్ర వారం ఆస్పత్రిలో గడిచి, క్రీస్తు పల్లకి మోసే వంతు తప్పిపోయింది. తండ్రి నుంచి వచ్చిన వంతు. వరసగా రెండేళ్లు తప్పితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. గ్వాటెమాలాలో ఆ ఊరి మగాడికి అది పెళ్లాం పోయినంత పని. కొందరికి అంతకంటే ఎక్కువ.

డాక్టరమ్మ మాంసకృత్తుల పొడి రాసిచ్చింది.

“ఇది మంత్రం కాదు. మాత్రలు మానకు. రోజూ నడు, కుర్చీలోంచి లేచి కూర్చో. అప్పుడే పొడి కండ అవుతుంది. బరువుల జోలికి మాత్రం పోకు.”

చివరి మాట ఎలియోడోరో చెవికి ఎక్కలేదు.

ఎర్లిందా పొద్దున్నే మొక్కజొన్న జావలో పొడి కలిపి ఇచ్చేది. కలిష్టో రోజూ వచ్చి డబ్బా ఊపి చూసేవాడు.

“పాలడబ్బా పిల్లాడు ఎలా ఉన్నాడక్కా? పళ్లొచ్చాయా?”

“వచ్చాయి. దగ్గరికి రా, కరుస్తాను” అనేవాడు ఎలియోడోరో.

ఈస్టర్ ముందరి నలభై రోజుల తపస్సు కాలం వచ్చేసరికి చేతులు ఆనించకుండా లేస్తున్నాడు. ఆగి ఆగి సంతదాకా వెళ్లొస్తున్నాడు.

గుడి ఆవరణలో భుజాలు కొలిచేది కలిష్టోనే. ఒకే ఎత్తు భుజాలవాళ్లను ఒక వరసలో నిలబెడతారు. పల్లకి దూలం అందరి మీదా సమంగా కూర్చోవాలి కదా. ఎలియోడోరో కొలకర్ర పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

“పోయినసారి కంటే రెండు వేళ్లు ఎక్కువ” అన్నాడు కలిష్టో మొహం చిట్లించి.

“చూశావా? వెన్ను నిటారైంది. పొడి మహిమ.”

“అయితే పొడుగువాళ్ల వరస, నా వరసే. నా వెనకే నిలబడు. పడితే నా మీద పడుదువుగాని.”

ఎర్లిందా కొత్త దూది కూరి మందపాటి దిండు కుట్టింది. ఊదారంగు అంగీ కింద భుజానికి కట్టింది. “ఎముకలు పొడుచుకొస్తున్నాయి. దూలం ఒత్తుకుంటుంది” అంది.

శుక్రవారం వంతు వచ్చింది. ధూపం పొగ. బాజా. కాళ్ల కింద రంగుల రంపపుపొట్టు ముగ్గు. దూలం దిండుకు తగిలింది. ఎలియోడోరో దాన్ని చేత్తో పట్టుకుని అడుగు వేశాడు. వీధి చివరిదాకా తూలకుండా వెళ్లాడు. కాస్త ఆయాసం, అంతే. ముందున్న కలిష్టో మాత్రం దారంతా మూలిగాడు.

వంతు దిగాక ఎలియోడోరో అతన్ని పట్టుకున్నాడు.

“నీకంటే పదేళ్లు పెద్దవాణ్ణి. నేను మూలిగానా?”

“లేదు బావా.”

“నన్ను నలుగురు మోయాలన్నావు. ఇంక నా గడప తొక్కకు.”

పాపాలు క్షమించమని అప్పుడే దేవుణ్ణి వేడుకున్న నోరు అది.

మర్నాడు ఖాళీ డబ్బా భార్య చేతికిచ్చాడు. “నీ తమ్ముడికియ్యి. ఇలాంటిదే కొనుక్కుని తాగమను, కండ పడుతుంది.”

ఎర్లిందా డబ్బాతోపాటు దిండు కూడా పట్టుకెళ్లింది. కలిష్టో చొక్కా విప్పి అరుగు మీద కూర్చున్నాడు. భుజం కమిలి నల్లబడింది. ఆమె దానికి తైలం రాసింది.

“మాటలు పడుతూ ఎన్నాళ్లుంటావురా? ఆయనకి చెప్పేస్తాను.”

“వద్దక్కా, దూలానికీ తన భుజానికీ మధ్య నేను దొంగకొలతతో వదిలిన రెండు వేళ్ల సందులో నీ దిండు తప్ప బరువేమీ లేదని తెలిస్తే, బావ రేపటినుంచి జావ ముట్టడు.”