రేపు ఎనిమిదింటికి

వ్యానులో టాయిలెట్ పక్కన ఎర్ర లైటు వెలిగింది.

"ఇంటికి పోదాం తియ్యిరా. చూసినంత చాలు," అంది ఆదిలక్ష్మి.

ఆమె చూసింది ఒక్క సాయంత్రం సరస్సు. అదీ వ్యాను కిటికీలోంచి.

ఫిబ్రవరిలో, రెండు నెలలుండి పోదామని కొడుకు సృజన్ దగ్గరికి వచ్చింది. కరోనాతో విమానాలు ఆగిపోయాయి. మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లోని ఒంటిగది ఫ్లాటులోనే ఆర్నెల్లు గడిచాయి.

షుగరు మనిషి. గంటకోసారి బాత్రూంకి వెళ్ళాలి. బయటి టాయిలెట్లలో కాలు పెడితే జబ్బు అంటుకుంటుందని భయం. అందుకే గడప దాటలేదు.

వచ్చే వారానికి తిరుగు టికెట్టు దొరికింది. అమ్మ ఈ దేశంలో నాలుగు గోడలు తప్ప ఏమీ చూడకుండానే వెళ్ళిపోతుందని సృజన్‌కి బెంగ పట్టుకుంది. లోపలే టాయిలెట్ ఉన్న క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకుని, ఐదు రోజులకని కీమ్‌సే సరస్సు ఒడ్డున వ్యాన్లు నిలుపుకునే క్యాంపింగ్ స్థలానికి తీసుకొచ్చాడు.

రెండో రోజే ఈ ఎర్ర లైటు. కింది ట్యాంకు నిండిందని గుర్తు. వ్యాను బయటి వైపు చిన్న తలుపు తెరిచి, దాన్ని సొరుగులా లాగి, మోసుకెళ్ళి పారబోయాలి.

సృజన్ లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. అప్పుడూ రాలేదు. అద్దెకిచ్చినవాళ్ళకు ఫోన్ చేస్తే, ఆదివారం సెలవని రికార్డు చేసిన గొంతు చెప్పింది.

అది ఊడివస్తే తనే మోసుకెళ్ళి పారబోయాలని తలుచుకుని చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నువ్వు జరుగు బిడ్డా, నేను తీస్త," అంది తల్లి.

నువ్వు ముట్టుకోవద్దని కసిరాడు. అప్పుడే చూశాడు, పొద్దున నింపిపెట్టిన నీళ్ళ సీసా నింపినట్టే ఉంది.

"నీళ్ళెందుకు తాగుతలేవమ్మా?"

"తాగితే మళ్ళ పోవాలె గద. నిండిన డబ్బాల ఇంకెక్కడ పడుతది?"

ఆ దారిన ఒకావిడ వెళుతోంది. మాస్కు, మోచేతుల దాకా పసుపు రబ్బరు గ్లౌజులు, చేతిలో బకెట్టు. యాభై ఏళ్ళుంటాయి.

అతని అవస్థ చూసి ఆగింది. దూరంగా నిలబడమని చెప్పి, మోకాళ్ళ మీద కూర్చుని లోపల చెయ్యి పెట్టి తడిమింది. ట్యాంకు మూత సగం తెరిచి ఉండిపోయిందని, అది పూర్తిగా మూసుకుంటే తప్ప ట్యాంకు కదలదని చెప్పింది. మూత చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పట్టేసింది. వెళ్ళి ఏదో స్ప్రే తెచ్చి కొట్టింది. సృజన్ లోపలి మీట జరిపాడు. మూత పడింది. ట్యాంకు ఆమె చేతిలోకి జారింది.

ఆమె మాత్రం ట్యాంకును కాదు, మడత కుర్చీలో ఉన్న ఆదిలక్ష్మిని చూస్తోంది.

తన చేతి వెనక చర్మాన్ని గిల్లి చూపించి, నువ్వూ అలా చెయ్యమని సైగ చేసింది. ఆదిలక్ష్మి గిల్లుకుంది. చర్మం ముడతగా లేచి అలాగే నిలబడిపోయింది.

ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయి, ఎందుకు తాగడం లేదని ఆమె అడిగింది. సృజన్ తనకొచ్చిన జర్మన్‌లో చెప్పాడు.

"గంటకో గ్లాసు తాగమనండి. ట్యాంకు సంగతి నేను చూసుకుంటాను," అంది. తల్లి వైపు తిరిగి, గ్లాసు ఎత్తినట్టు చెయ్యి చూపించి, "ట్రింకెన్" అంది.

ఈ క్యాంపింగ్ వాళ్ళు దీనికి కూడా మనిషిని పెట్టారన్నమాట అనుకున్నాడు సృజన్. గుండె తేలికపడింది.

"రేపు ఎన్నింటికి వస్తారు?" అని అడిగాడు.

ఆమె ఒక్క క్షణం అతన్నే చూసింది. మాస్కు పైన కళ్ళు నవ్వాయి.

"రేపు ఎనిమిదింటికి."

సోమవారం ఎనిమిదింటికి వచ్చింది. ట్యాంకు తీసుకెళ్ళి, కడిగి, వాసన రాకుండా నీలం మందు పోసి తెచ్చిపెట్టింది. ఆదిలక్ష్మి గ్లాసు ఎత్తి చూపించింది.

"ట్రింకెన్ అంట. నువ్వు చెప్తె తాగబుద్ధి కాలే గని, ఆమె చెప్తె తాగబుద్ధయితుంది," అంది కొడుకుతో.

మంగళవారం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. సృజన్ చేతి గడియారం చూపించాడు. ఆమె క్షమించమంది.

"గట్లనా చేసేది? ఆమె పేరేందో అడిగినవా?" అంది తల్లి.

అడగలేదు.

ఆ సాయంత్రం ఆదిలక్ష్మి చెప్పులు విప్పి సరస్సులో మోకాళ్ళ దాకా దిగింది. అవతల కొండలు ఎర్రబడేవరకు బయటికి రాలేదు. ఆర్నెల్ల తర్వాత ఆమె గట్టిగా నవ్వడం సృజన్ విన్నాడు.

బుధవారం తిరుగు ప్రయాణం. తొమ్మిదైనా పసుపు గ్లౌజులు రాలేదు. సృజన్ విసవిసా రిసెప్షన్‌కు బయల్దేరాడు.

"కొట్లాడకు బిడ్డా. ఇవి ఆమెకియ్యి," అంటూ తల్లి రాత్రి చేసిన రవ్వలడ్డూల డబ్బా చేతిలో పెట్టింది.

పది నిమిషాల్లో అతను తిరిగొచ్చాడు. డబ్బా చేతిలోనే ఉంది.

వ్యాను పక్క తలుపు తెరిచి ట్యాంకు లాగాడు. రెండు చేతులా పట్టుకుని పారబోసే చోటికి నడిచాడు. వాసనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఊపిరి బిగబట్టి వంచాడు. ఒకసారి కడిగాడు. సరిపోలేదనిపించి మళ్ళీ కడిగాడు.

వెనకే తల్లి వచ్చి నిలబడింది. చేతిలో సగం తాగిన నీళ్ళ సీసా.

"ఎందుకు రాలేదంటరా ఆమె? పానం బాగలేదా?"

సృజన్ కొళాయి కట్టేశాడు.

"పొద్దుగాల్నే వెళ్ళిపోయిందటమ్మా. ఆమె ఇక్కడ పనిచేసే మనిషి కాదు. మనలెక్కనే వ్యాను తెచ్చుకున్న నర్సు. ఐదు నెలలు మ్యూనిక్‌ల కరోనా వార్డుల చేసి, నాలుగు రోజులు ఏ పనీ ముట్టకుంట సరస్సును చూసుకుంట కూసుందామని వచ్చిందట."