గోడాయన

చిన్నల్లుడి పేరెత్తితే పెద్దల్లుడికి ఒళ్లు మంట.

మరి మండదా? ఇంకెక్కడా చోటే లేనట్టు సరిగ్గా ఇతని గేమింగ్ సెంటర్‌కి ఎదురుగానే తనూ ఒకటి తెరిచాడు. ప్రతి కంప్యూటర్‌కీ ఆట బొమ్మల్ని తెర మీద నడిపే గ్రాఫిక్స్ కార్డు, అదీ పదహారు జీబీ మెమరీది. ఆ సంగతి అద్దం మీద అడుగెత్తు అక్షరాల్లో రాయించాడు కూడా.

పెద్దల్లుడివి ఎనిమిది జీబీ కార్డులు.

"చిన్నల్లుడి సెంటర్ చూశారా బాబూ? లోపల ఎంత చల్లగా ఉందో!" అంది అత్తగారు, ఇతని కుర్చీలోనే కూర్చుని.

"ఏసీ వేస్తే శవాల గది కూడా చల్లగానే ఉంటుంది అత్తయ్యా."

కుర్రకారంతా ఎదురుసెంటర్‌కి మళ్లింది. ఒకాయన మాత్రం రోజూ ఇక్కడికే వచ్చేవాడు. నెరిసిన గడ్డం, మోచేతుల దగ్గర సాగిపోయిన స్వెట్టరు. డబ్బు కట్టి, తన పెన్ డ్రైవులోంచి ఏదో ఆట పెట్టుకునేవాడు. దొంగకాపీ అయ్యుంటుందిలే అనుకున్నాడు పెద్దల్లుడు.

పోనీ ఆడతాడా అంటే, అదీ లేదు. ఆటలోని మనిషిని ఒక గోడ దాకా నడిపించి, ఆ ఇటుకల్నే చూస్తూ కూర్చునేవాడు. సెట్టింగు మార్చి మళ్లీ చూసేవాడు.

పెద్దల్లుడి భార్య ఆయనకి గోడాయన అని పేరు పెట్టింది.

ఒకరోజు పెద్దల్లుడు వెనక నుంచి తెర చూశాడు. మూలన మెమరీ అంకె ఎనిమిదికి ఆనుకుని ఉంది.

"నిండిపోయింది. ఇక నా కార్డుల పని అయిపోయినట్టే."

"నిండితే చాలలేదని కాదండీ," అన్నాడు గోడాయన. "ఖాళీ బస్సులో మనం కాళ్లు చాపుకోమూ? ఆట కూడా అంతే, చోటుంటే పరుచుకుంటుంది. బొమ్మల నాణ్యత ఒక్క మెట్టు దించండి, ఇదే కార్డు హాయిగా లాగుతుంది. దయచేసి వీటిని మార్చకండి."

ఆ సాయంత్రమే గోడాయన ఎదురుసెంటర్ గుమ్మంలో చిన్నల్లుడితో మాట్లాడుతూ కనిపించాడు.

"చూశావా! వాడి మనిషే. నన్ను ఎనిమిదిలోనే తొక్కిపెట్టాలని పంపించాడు."

"దారి అడిగాడేమో," అంది భార్య.

"నీకు నీ చెల్లెలి మొగుడంటే దేవుడు."

"దేవుడైతే మనకెదురుగా కొట్టు పెడతాడా?"

మర్నాడు గోడాయనని గుమ్మంలోనే ఆపేశాడు.

"మీ గోడ అవతల ఉంది. అక్కడే చూసుకోండి."

"అక్కడ కుదరదండీ. అన్నీ పెద్ద కార్డులు. మీతో ఒక మాట..."

"మావి చిన్నవని దెప్పడానికి రోడ్డు దాటొచ్చారా? వెళ్లండి!"

ఆయన డ్రైవు జేబులో వేసుకుని మెట్లు దిగాడు.

ఆ వారమే, ఇల్లు కట్టుకుందామని అట్టేపెట్టుకున్న నూట ఎనభై గజాల స్థలం అమ్మేశాడు పెద్దల్లుడు. ఇరవైనాలుగు జీబీ కార్డులు బిగించి, అద్దం మీద రెండడుగుల అక్షరాలు రాయించాడు. పాత కార్డులు ఒక బేరగాడికి ఇచ్చేశాడు.

మూడు రోజులు జనం వచ్చి చూశారు. చూసి పోయారు. పెంచిన గంట అద్దె వాళ్ల జేబుకి అందలేదు.

నెల తిరిగేసరికి ఎదురుసెంటర్ ముందు వరస వీధి మలుపు దాటింది.

"కొత్త ఆటట," అంది భార్య. "బయటికి రాకముందే ఈ వారమంతా అక్కడే ఆడిస్తారట. మన పాత కార్డులే కొని, వెనక గదిలో పెట్టాడట మా మరిది."

"కొత్త ఆట, ఎనిమిది జీబీలోనా?"

"ఎక్కువమంది ఇళ్లలో ఉండేవి అవేనని, అందులో నడిచేట్టే చేశారట."

ఇక కూర్చోలేకపోయాడు. రోడ్డు దాటాడు.

జనం మధ్య నుంచి చిన్నల్లుడు ఎదురొచ్చాడు.

"రండి అన్నయ్యా, రండి. గడ్డమాయన మీకోసం చూసి చూసి ఇప్పుడే వెళ్లారు."

"ఆయనకి నాతో ఏం పని? నీ మనిషే కదా!"

"నా మనిషేంటి? ఈ ఆట తయారుచేసింది ఆయనే! మొదటి వారం మీ అన్నయ్య సెంటర్‌లో పెడదామనుకుంటున్నాను, మనిషి ఎలాంటివాడని ఆ సాయంత్రం నన్ను అడిగితే, మా అన్నయ్య చేతిలో పెడితే సొంతింట్లో పెట్టుకున్నట్టేనండీ అని చెప్పాను."